ఒక్క విద్యార్థి కోసం ఒక కోర్సు

అమెరికాలో తెలుగు నేర్పే విశ్వవిద్యాలయాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. ఉన్నచోట కూడా మొదటి ఏడాది, రెండో ఏడాది క్లాసులు దాటాక పైస్థాయి క్లాసు దొరకడం అరుదు. ఆపైన చదవాలనుకున్న విద్యార్థి ఒక అధ్యాపకుణ్ని ఒప్పించి తనొక్కడి కోసమే కోర్సు ఏర్పాటు చేయించుకోవాలి. దాన్నే ఇండిపెండెంట్ స్టడీ అంటారు. మాడిసన్‌లోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో అది 699 నంబరుతో, డైరెక్టెడ్ స్టడీ అన్న పేరుతో ఉంటుంది. బర్క్‌లీలో దాని నంబరు 199. ఈ ఏర్పాటు తెలుగు చదువును నిలబెడుతుందా, నీరుగారుస్తుందా? రెండు వైపులా బలమైన వాదాలున్నాయి. వాటిని ఇద్దరి నోట పెడుతున్నాను. ఒకరు దక్షిణాసియా భాషల డిపార్ట్‌మెంట్‌లో చాలాకాలం పనిచేసి రిటైరైన మాస్టారు. రెండోవారు ఏడాదికేడాది కాంట్రాక్టు మీద తెలుగు చెబుతున్న లెక్చరర్.

మాస్టారు: వచ్చే సెమిస్టర్ నుంచి ఇండిపెండెంట్ స్టడీలు ఒప్పుకోనని డిపార్ట్‌మెంట్‌కి రాశావట. నిజమేనా అమ్మా?

లెక్చరర్: నిజమే మాస్టారూ. ఇప్పుడున్న పద్ధతిలో ఒప్పుకోనని రాశాను. సెమిస్టర్ మొదలై వారం గడిచాక ఒక అబ్బాయి ఆఫీసుకొస్తాడు. మీ క్లాసు టైము నాకు కుదరలేదు మేడమ్, విడిగా చెప్పండి, మూడు క్రెడిట్లు కావాలంటాడు. ఏం చదువుతావు అంటే మీరేది చెబితే అదంటాడు. అక్కడ నేను సంతకం పెడితే ఆ అబ్బాయి టైమ్‌టేబుల్ సర్దుకుంటుంది తప్ప తెలుగు రాదు.

మాస్టారు: అలాంటివాణ్ని నేనూ వెనక్కి పంపేసేవాణ్ని. నేను మాట్లాడేది వాడి గురించి కాదు. రెండేళ్ల తెలుగు శ్రద్ధగా పూర్తిచేసి, ఇక పుస్తకం పట్టుకుంటానని వచ్చే పిల్ల ఉంటుందే, ఆ పిల్ల గురించి. ఒక్కరి కోసం క్లాసు నడపడానికి డీన్ ఒప్పుకోడు. నువ్వూ కుదరదంటే ఆ పిల్ల తెలుగు రెండో ఏటితోనే ఆగిపోతుంది. సొంతంగా ఒక పేజీ చదవగలిగే సమయానికి మనమే తలుపు వేసినట్టు కాదూ?

లెక్చరర్: ఆ తలుపు వేసింది నేను కాదు కదా మాస్టారూ. మూడో ఏడు క్లాసు పెట్టనివాళ్లు వేశారు. దాన్ని నా సాయంత్రాలతో తెరిచి ఉంచమంటున్నారు.

మాస్టారు: అక్కడికే వస్తాను. ముందు ఒక సంగతి గుర్తుచేసుకో. పీఎల్-480 కింద అమెరికా గోధుమలు మనకొచ్చిన రోజులు మీ పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. ఆ గోధుమలకు మన దేశం కట్టిన రూపాయల్లో కొంత తీసి, 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ ఆఫీసు ద్వారా మన భాషల పుస్తకాలు కొని ఇక్కడి విశ్వవిద్యాలయాలకు పంపారు. అలా వచ్చిన తెలుగు పుస్తకాలు ఈ దేశపు లైబ్రరీల్లో అరలకు అరలున్నాయి. కావ్యాలు, నవలలు, జిల్లా చరిత్రలు, ఊళ్లలో అచ్చయిన చిన్న చిన్న పత్రికలు. వాటిని చదవగల మనిషి తయారయ్యేది మొదటి ఏడాది క్లాసులో కాదు. అధ్యాపకుడూ విద్యార్థీ ఒకే పేజీ మీదికి వంగి కూర్చున్న గంటలో తయారవుతాడు.

లెక్చరర్: ఆ గంట విలువ నాకూ తెలుసు. కిందటేడు చరిత్రలో పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థినితో కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు రాసిన పాత రికార్డులు, చదివాను. కంపెనీ రోజుల్లో మెకంజీ సేకరించినవి, సీపీ బ్రౌన్ నకళ్లు రాయించినవి. మొదటి పేజీకే మూడు వారాలు పట్టింది. వాక్యం ఎక్కడ ఆగుతుందో తెలియదు, విరామచిహ్నాలుండవు. మొఖాసా, ఇనాము, జమాబందీ అంటూ సర్కారు లెక్కల మాటలు వస్తాయి. మామూలు నిఘంటువు చాలకపోతే బ్రౌన్ మిశ్రభాషా నిఘంటువు తీయాల్సివచ్చింది. ఆ అమ్మాయికి అదెంత కొత్తో, నాకూ అంతే కొత్త. నేను ముందురోజు కూర్చుని చదువుకుంటేనే మర్నాడు చెప్పగలిగేదాన్ని.

మాస్టారు: చూశావా! ఏ క్లాసులో జరుగుతుంది ఆ పని? పదిమంది కూర్చున్న గదిలో మొఖాసా గురించి గంట మాట్లాడలేవు. పద్యం సంగతీ అంతే. షికాగో విశ్వవిద్యాలయం బ్రౌన్ నిఘంటువునీ గ్విన్ నిఘంటువునీ ఆన్‌లైన్లో పెట్టింది. కానీ పుస్తకంలో "వాఁడు గొట్టె" అని ఉంటే విద్యార్థి గకారం కిందే వెతుకుతాడు. దొరకదు. కొట్టు అన్న క్రియ దగ్గరికి వెళ్లాలనీ, ప్రథమా విభక్తి పదం తర్వాత వచ్చే క లాంటి పరుషాలు అలా మారతాయనీ పక్కన కూర్చున్నవాళ్లు చెప్పాలి. ఒకటికి పదిసార్లు చెప్పాక ఒకరోజు తనంతట తనే ముడి విప్పుతాడు. ఆ రోజు నుంచి వాడికి మన అవసరం తగ్గుతుంది. ఇండిపెండెంట్ స్టడీ ఉన్నది అందుకే.

లెక్చరర్: ఒప్పుకుంటాను. అయితే ఆ కైఫీయతుల కోర్సు నా వర్క్‌లోడ్‌లో ఎక్కడా లేదు మాస్టారూ. మాకు జీతం కోర్సు లెక్కన వస్తుంది. మొదటి ఏడాది క్లాసు, రెండో ఏడాది క్లాసు, అంతే. ఇండిపెండెంట్ స్టడీని కోర్సు కింద లెక్కేయరు. ప్రొఫెసర్‌కి అది సేవ కింద పోతుంది, ప్రమోషన్ ఫైల్లో ఒక వాక్యమన్నా అవుతుంది. కాంట్రాక్టు లెక్చరర్‌కి ఆ వాక్యం కూడా ఉండదు.

మాస్టారు: వెల్చేరు నారాయణరావుగారు 1971లో మాడిసన్ వచ్చారు. దశాబ్దాలపాటు అక్కడ తెలుగు చెప్పారు. పండితుడు డేవిడ్ షుల్మన్‌తో కలిసి ఎన్నో ఏళ్లు కావ్యాలు చదివారు, అనువాదాలు చేశారు. 2002లో వచ్చిన ప్రాచీన తెలుగు కవిత్వ సంకలనం ఆ సహవాసంలోంచి పుట్టిందే. అలాంటి పని గంటల లెక్క చూసుకుంటే జరిగేదా?

లెక్చరర్: ఆయన్ని తలుచుకోకుండా ఇక్కడ తెలుగు గురించి మాట్లాడలేం. కానీ ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఉండేది. వచ్చే ఏడు నేనుంటానా అన్న భయం లేని మనిషి తన సమయాన్ని తన ఇష్టప్రకారం ఇవ్వగలడు. నా కాంట్రాక్టు మే నెలలో ముగుస్తుంది. ఆగస్టులో మళ్లీ పిలుస్తారో లేదో తెలియని మనిషిని, జీతం లేని కోర్సు చెప్పు, అది భాషాసేవ అనడం న్యాయం కాదు. గంటల లెక్క నేను కల్పించిందీ కాదు. 2011 నుంచి అమల్లో ఉన్న ఫెడరల్ నిబంధన ప్రకారం ఒక్క క్రెడిట్ అంటే వారానికి గంట పాఠం, కనీసం రెండు గంటల సొంత చదువు, అలా సుమారు 15 వారాలు. మూడు క్రెడిట్లకు వారానికి తొమ్మిది గంటలు, సెమిస్టర్‌కి 135 గంటలు. ఇండిపెండెంట్ స్టడీలో వారానికొకసారి గంటసేపు కలుస్తాం. మిగతా ఎనిమిది గంటలు విద్యార్థి ఏం చేస్తున్నాడు? ఎవరు చూస్తున్నారు? చూడాలంటే నేను వ్యాసాలు దిద్దాలి, రికార్డింగులు వినాలి. చూడకపోతే తొమ్మిది గంటల పనికి ఇవ్వాల్సిన క్రెడిట్లు ఒక్క గంటకు ఇచ్చినట్టవుతుంది.

మాస్టారు: అందుకే కాగితం ఉండాలంటాను. నా దగ్గరికి వచ్చినవాళ్లను ముందు ఒక పేజీ రాసుకురమ్మనేవాణ్ని. ఏ పుస్తకం, ఎన్ని పేజీలు, ఏ వారం ఏది, చివరికి ఏం చేతికొస్తుంది? ఉన్న క్లాసులో ఇది ఎందుకు కుదరదు? ఈ ప్రశ్నలకు జవాబు రాయలేనివాళ్లు మళ్లీ వచ్చేవాళ్లు కాదు. రాసుకొచ్చినవాళ్లలో సగంలో మానేసినవాళ్లు అరుదు.

లెక్చరర్: ఆ కాగితం మీ పట్టుదల వల్ల ఉండేది. డిపార్ట్‌మెంట్ నియమం వల్ల కాదు. మీరు వెళ్లాక అదీ పోయింది. ఇప్పుడు పోర్టల్లో నా పేరు మీద ఒక సెక్షన్ నంబరు తెరుస్తారు, విద్యార్థి దాంట్లో చేరతాడు, చివర్లో నేను గ్రేడు వేస్తాను. మధ్యలో ఏం జరిగిందో ఎవరూ అడగరు. ట్రాన్స్‌క్రిప్ట్ మీద చాలాచోట్ల డైరెక్టెడ్ స్టడీ అని మాత్రమే పడుతుంది, తెలుగు అన్న మాటే కనపడదు. ఆ పిల్ల రేపు ఫెలోషిప్‌కి దరఖాస్తు పెడితే నువ్వు తెలుగు మూడో ఏడు చదివావని రుజువేది అంటారు. నేను ఉత్తరం రాసివ్వాలి.

మాస్టారు: అది సరిచేయగలిగిన లోపం. కోర్సు శీర్షిక రాసే వీలు రిజిస్ట్రార్ దగ్గర ఉంటే అడిగి రాయించుకోవాలి. లేకపోతే డిపార్ట్‌మెంటే తెలుగు అడ్వాన్స్‌డ్ రీడింగ్ అని ఒక నంబరు పుట్టించుకోవాలి.

లెక్చరర్: దానికంటే పెద్ద నష్టం ఒకటుంది. ఒక ఏడు నా దగ్గర నలుగురు విడివిడిగా ఇండిపెండెంట్ స్టడీ అడిగారనుకోండి. ఒకరు కథలు, ఒకరు సినిమా పాటలు, ఒకరు శతకాలు, ఒకరు పత్రికల తెలుగు. నలుగురికీ విడిగా చెప్పాను. ఏడాది చివర డీన్ చేతికి వెళ్లే పట్టికలో తెలుగు మూడో ఏడు క్లాసు ఎదుట ఏముంటుంది? సున్నా. మూడో ఏడు తెలుగుకి గిరాకీ లేదని రాసుకుంటారు. నలుగురినీ ఒక గదిలో కూర్చోబెట్టి ఉంటే ఆ సున్నా నాలుగయ్యేది. విద్యార్థికి మేలు చేస్తున్నామనుకుంటూ కోర్సు లేకపోయినా నడుస్తుందని మనమే సాక్ష్యం చెబుతున్నాం. ఉద్యోగాలు తీసేసేది అలాంటి పట్టికలు చూసే.

మాస్టారు: ఈ మాటకు నా దగ్గర తేలిక జవాబు లేదు. కానీ ఆ నలుగురి స్థాయి ఒకటి కాదు కదా. శతకం చదివేవాడినీ సినిమా పాట వినేవాడినీ ఒకే బల్ల దగ్గర ఎలా కూర్చోబెడతావు?

లెక్చరర్: పుస్తకాలు వేరైనా గది ఒకటే కావచ్చు. వారానికి రెండు రోజులు అందరూ కలుస్తారు. ఒకరోజు వ్యాకరణం, మాట్లాడటం అందరికీ ఉమ్మడి. రెండో రోజు ఒకరు చదువుతున్నది మిగతావాళ్లకు చెబుతారు. శతకం చదివే అమ్మాయి పద్యం విడదీసి చూపిస్తుంది, పాటలు చదివే అబ్బాయి అందులోని మాండలికం పట్టుకుంటాడు. విడిగా కలవాల్సింది మిగిలిన కొద్దిపాటికే. నా సమయం నాలుగు ముక్కలు కాదు, పట్టికలో సున్నా ఉండదు.

మాస్టారు: ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల సంగతేమిటి? ఇప్పుడు మీ క్లాసుల్లో వాళ్లే ఎక్కువ. అమ్మతో గడగడా మాట్లాడతారు, అక్షరం రాదు. మొదటి ఏడాది క్లాసులో కూర్చుంటే నీళ్లు కావాలి, అన్నం తిన్నాను అన్న పాఠాలకు విసుగొస్తుంది. రెండో ఏడు క్లాసుకెళ్తే చదవలేరు. వాళ్లకు విడిగా అక్షరాలు, చదవడం నేర్పితే ఒక్క సెమిస్టర్లో అందుకుంటారు. ఇండిపెండెంట్ స్టడీకి ఇంతకంటే తగిన సందర్భం ఏముంది?

లెక్చరర్: నా దృష్టిలో వాళ్లకే అది అన్నిటికంటే తగనిది. ఆ పిల్లలు అమ్మానాన్నలతో, అమ్మమ్మతో తప్ప తెలుగులో మాట్లాడలేదు. ఇంట్లో అందరినీ నువ్వు అన్న అలవాటుతో నన్నూ నువ్వు అంటారు. అది అమర్యాద కాదు, మీరు అనాల్సిన మనిషి వాళ్ల తెలుగులో ఇంతవరకూ ఎదురవలేదు. వాళ్లను నాతో ఒంటరిగా గంట కూర్చోబెడితే నన్ను మీరు అనడం నేర్చుకుంటారు, అక్కడితో ఆగుతారు. సాటివాడితో వాదించడం, కొత్తమనిషిని పలకరించడం, పదిమందిలో ఒక విషయం చెప్పడం గదిలో మనుషులుంటేనే వస్తాయి. పైగా వాళ్లు ఒకరిద్దరు కారు. అంతమంది ఉన్నప్పుడు చదవడం రాయడం నేర్పే క్లాసు పెట్టమని డిపార్ట్‌మెంట్‌ని అడగాలి. ఒక్కొక్కరినీ విడిగా లాక్కుంటే ఆ క్లాసు ఎప్పటికీ పుట్టదు.

మాస్టారు: సరే. నీ ఊళ్లో అంతమంది ఉన్నారు. ఇద్దరే ఉన్న చిన్న కాలేజీల సంగతి? అక్కడ తెలుగు అధ్యాపకుడే ఉండడు.

లెక్చరర్: అలాంటి చోట్లకు వేరే దారులున్నాయి. యేల్‌లో డైరెక్టెడ్ ఇండిపెండెంట్ లాంగ్వేజ్ స్టడీ అని ఒకటుంది. క్లాసు లేని భాష నేర్చుకోవాలనుకున్న విద్యార్థికి ఆ భాష మాతృభాషగా ఉన్న తోడును కుదురుస్తారు. వారం వారం కలుస్తారు. క్రెడిట్ ఉండదు. దాని నిజాయితీ నాకు నచ్చింది. ఇది కోర్సు కాదు, నీ ఆసక్తికి మేమిచ్చే ఆసరా అని ముందే చెప్పేస్తారు. మసాచుసెట్స్‌లోని ఐదు కాలేజీలు కలిసి ఇలాంటి భాషలకు ఉమ్మడి కేంద్రం నడుపుతాయి. కొలంబియా, కార్నెల్, యేల్ వీడియో ద్వారా భాషా క్లాసులు పంచుకుంటాయి. మధ్య పశ్చిమంలోని పెద్ద విశ్వవిద్యాలయాలకూ కోర్స్‌షేర్ అనే ఏర్పాటుంది. ఒకచోట ముగ్గురు, ఇంకోచోట ఇద్దరు ఉన్నా కలిపితే క్లాసవుతుంది.

మాస్టారు: క్రెడిట్ లేని చదువు రెండో నెలకల్లా వెనకబడుతుందమ్మా. కెమిస్ట్రీ పరీక్ష రాగానే తెలుగు పక్కకు పోతుంది. ట్రాన్స్‌క్రిప్ట్‌లోకి ఎక్కేదానికే పిల్లలు సమయమిస్తారు. అది వాళ్ల తప్పు కాదు, ఇక్కడి చదువులకయ్యే ఖర్చు అలాంటిది. ఇక గ్రేడు సంగతి. బర్క్‌లీ 199కి అక్షర గ్రేడు లేదు. పాస్ లేదా నాట్ పాస్, సెమిస్టర్‌కి నాలుగు యూనిట్లు మించకూడదు. నాకది మంచి కట్టుబాటనిపిస్తుంది. క్రెడిట్ ఉంటుంది, ఏ ప్లస్ కోసం వచ్చేవాళ్లు రారు.

లెక్చరర్: అది బాగుంది. ఒకే విద్యార్థి ఉన్నప్పుడు గ్రేడు వేయడం నిజంగా కష్టం. పోల్చడానికి ఇంకొకరుండరు. వారం వారం ఎదురుగా కూర్చుని టీ తాగిన పిల్లకు బీ వేయడానికి చెయ్యి రాదు. సొంతంగా నేర్చుకునే భాషా కార్యక్రమాల్లో చివరి పరీక్షకు బయటి ఎగ్జామినర్‌ని పిలిచే సంప్రదాయం చాలా ఏళ్లుగా ఉంది. చెప్పినవాళ్లు ఒకరు, పరీక్షించేవాళ్లు ఒకరు. తెలుగుకీ అది పెట్టాలి. ఇంకో విశ్వవిద్యాలయంలో తెలుగు చెప్పేవాళ్లు అరగంట వీడియోలో మాట్లాడి, ఒక పేజీ చదివించి చూస్తే చాలు.

మాస్టారు: ఇన్ని మాటలయ్యాక అడుగుతున్నాను. ఏ షరతులుంటే ఒప్పుకుంటావు?

లెక్చరర్: నాలుగు చెబుతాను. మొదటిది, ఉన్న క్లాసులో దొరికేదాన్ని విడిగా చెప్పను. మొదటి రెండేళ్ల తెలుగు, ఇంట్లో మాట్లాడే పిల్లల అక్షరాలు క్లాసులోనే. రెండోది, మీరన్న ఆ పేజీ నియమంగా ఉండాలి. రిజిస్ట్రేషన్‌కి ముందే నాతోపాటు విద్యార్థీ, డిపార్ట్‌మెంట్ హెడ్డూ సంతకం పెట్టాలి. వారానికి తొమ్మిది గంటలు ఎక్కడ పోతాయో అందులో కనపడాలి. మూడోది, అదే సెమిస్టర్లో ముగ్గురు అడిగితే అది ఇండిపెండెంట్ స్టడీ కాదు, కోర్సు. నంబరుతో, గదితో, జీతంతో. నాలుగోది, నేను చెప్పిన ప్రతి ఇండిపెండెంట్ స్టడీనీ లెక్కలో రాసి, కొన్ని పోగయ్యాక ఒక కోర్సుకి సమానంగా తీసుకోవాలి. ఇది కొత్త కోరిక కాదు, కొన్ని డిపార్ట్‌మెంట్లు చేస్తున్న పనే.

మాస్టారు: మొదటి మూడూ నావి కూడా. నాలుగోది ఇవ్వం అంటే?

లెక్చరర్: ఇవ్వకపోతే సంతకం పెట్టను.

మాస్టారు: అక్కడే మనిద్దరికీ తేడా. కైఫీయతులు చదువుతానని వచ్చిన పిల్లను నేను పంపలేను. ఆ పిల్ల తప్పేం లేదు. నువ్వు డిపార్ట్‌మెంట్‌తో పోరాడుతుంటే రెండేళ్లు గడిచిపోతాయి, ఆమె థీసిస్ ఇంగ్లీషు అనువాదాల మీదే అయిపోతుంది. తెలుగు మూలాలు చదవని తెలుగు చరిత్ర ఇంకొకటి అచ్చవుతుంది.

లెక్చరర్: నేను ఆ ఒక్క పిల్ల కోసం ఉచితంగా చెబుతూ పోతే నా తర్వాత ఈ కుర్చీలో ఎవరూ ఉండరు మాస్టారూ. ఆమె తర్వాత వచ్చే పిల్లను వెనక్కి పంపే మనిషి కూడా మిగలరు. ఆమెను ఒక వేసవి హైదరాబాద్‌లోని అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ తెలుగు కార్యక్రమానికి పంపుదాం. దరఖాస్తుకి ఉత్తరం నేను రాస్తాను. తిరిగొచ్చేలోపు ఆ నాలుగో షరతు కోసం మీరూ నాతోపాటు హెడ్ దగ్గరికి రండి. రిటైరైన ప్రొఫెసర్ మాట నా మాటకంటే బరువు.

మాస్టారు: వస్తానమ్మా. ఉత్తరం కూడా ఇద్దరం కలిసే రాద్దాం.

ఈ వాదంలో నా మొగ్గు లెక్చరర్ వైపు. మాస్టారు చెప్పిన గంట అమూల్యమైనదే. తెలుగు పేజీ చదవగల పరిశోధకులు ఆ గంటలోంచే వస్తారు. కానీ ఆ గంటకు ఖరీదు కట్టని డిపార్ట్‌మెంట్ దాన్ని ఎక్కువకాలం నిలుపుకోలేదు. క్లాసు మీద కట్టిన పై అంతస్తుగా ఇండిపెండెంట్ స్టడీ ఉండాలి, క్లాసు లేనిచోట దానికి బదులుగా కాదు. రాతపూర్వకమైన ప్రణాళిక, ట్రాన్స్‌క్రిప్ట్ మీద తెలుగు పేరు, అధ్యాపకుడి వర్క్‌లోడ్‌లో లెక్క, బయటివారి పరీక్ష. ఈ నాలుగూ ఉన్నచోట దాన్ని నిండు మనసుతో ప్రోత్సహించాలి. లేనిచోట ముందు వాటిని సాధించాలి.

విదేశాల్లో ఉన్న తెలుగు తల్లిదండ్రులకూ, సంఘాలకూ ఒక విన్నపం. మీ పిల్లలు వెళ్లే విశ్వవిద్యాలయంలో తెలుగు ఉంటే, విడిగా చెప్పమని అడిగే ముందు క్లాసులో పేరు నమోదు చేయించండి. తెలుగు లేకపోతే పది కుటుంబాలు కలిసి డిపార్ట్‌మెంట్‌కి ఉత్తరం రాయండి. విరాళమిచ్చే శక్తి ఉంటే, ఒక ఏడాది ఉత్సవం కంటే ఒక అధ్యాపక పదవికి ఇవ్వండి. పట్టికలో పిల్లల పేర్లు కనిపించినంతకాలమే అక్కడ తెలుగు చెప్పే మనిషి ఉంటారు.